పది నిమిషాలు ఆగమన్న మా సారు

మంగళవారం పొద్దున ఓపీ చీటీల కౌంటర్ ఇంకా తెరవలేదు. సారు వాళ్ల ఇంటామె నుంచి ఫోన్ వచ్చింది. "బిడ్డా, సారు పోయిండు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండు, గోడకు ఒరిగిండు, గంతే," అన్నది. ఆమె గొంతు నిలకడగానే ఉంది. ఎప్పుడమ్మా అని అడిగాను. "గిప్పుడే. ముందుగాల నీకే చేసిన. ఆయన ఫోన్ల నీ నంబరే పైన ఉన్నది," అన్నది.

పైనే ఉంటుంది మరి. రిటైరై రామన్నపేటకు వెళ్లి రెండేళ్లయినా రోజూ ఆ వేళకు ఆయన ఫోన్ చేసేవారు. "సర్వరు మంచిగున్నదా?" అన్నది మొదటి ప్రశ్న. నేను ఎలా ఉన్నానో రెండో ప్రశ్న. ఈ వరస మార్చమని చాలాసార్లు గొడవపడ్డాను. "నువ్వు మంచిగ లేకుంటే నువ్వే చెప్తవ్. సర్వరు చెప్పదు గద," అనేవారు.

ఆయన పెద్ద చదువులు చదివిన మనిషి కారు. రామన్నపేటలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టారు. మగ్గం మీద బతుకు సాగక నల్లగొండలో పాలిటెక్నిక్ చదివి, కరెంటు బ్యాటరీలు బాగుచేయడానికి మహబూబ్‌నగర్‌లోని మా ట్రస్టు దవాఖానకు వచ్చారు. బ్యాటరీల పక్కన సర్వరు ఉండేది. అది తరచూ మొండికేసేది. పిలిస్తే వచ్చేవాళ్లు ఎవరూ లేక ఈయనే దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. అలా కూర్చున్న మనిషి ఇరవై ఏళ్లు లేవలేదు. ఎవరైనా ఇంజినీరు సారూ అని పిలిస్తే, "ఇంజినీరు గాదు, జర కంప్యూటర్ తెలిసినోన్ని," అని సరిచేసేవారు.

మా దవాఖానకు పల్లెల్లో తొమ్మిది చిన్న క్లినిక్కులున్నాయి. నల్లమల అడవి అంచున అమ్రాబాద్‌లో ఉన్నది అన్నిటికన్నా దూరం. ప్రతి క్లినిక్కులో ఒక నర్సు, ఒక అటెండరు, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు, మూలకు ఒక సర్వరు పెట్టె. ఆ పెట్టె మహబూబ్‌నగర్‌లోని పెద్ద సర్వరుతో మాట్లాడుతుంటేనే అక్కడ రోగికి చీటీ వస్తుంది, పాత రిపోర్టు కనబడుతుంది, ఏ మందు పడదో నర్సుకు తెలుస్తుంది. మాట ఆగితే కాగితం, పెన్ను, గుర్తున్నంత వరకు వైద్యం. ఆ మాట ఆగకుండా చూడటమే సారు ఉద్యోగం.

తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. సర్వరు వెనక తీగ గుచ్చే సాకెట్టు ఉంటుంది కదా, దాన్ని నడిపే భాగాన్ని నెట్‌వర్క్ అడాప్టర్ అంటారు. మేం కార్డు అనేవాళ్లం. ఆ కార్డుకు దాని అడ్రసు ఏమిటో, బయటికి ఏ దారిన పోవాలో మనమే చెప్పాలి. ఒక్కొక్కటి చేత్తో నొక్కుతూ చెప్పవచ్చు. లేదా చెప్పవలసినదంతా వరసగా రాసిపెట్టి ఒక్కసారే నడిపించవచ్చు. అలా రాసినదాన్ని స్క్రిప్టు అంటారు. మా సారు జీవితంలో చేసిన గొప్ప పని అలాంటి ఒక స్క్రిప్టు. అచ్చు వేస్తే రెండు పేజీలు కూడా రాదు. దాని గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

నేను ఆ దవాఖానలో చీటీలు కొట్టే కౌంటర్‌లో చేరాను. నాకు ఓపిక తక్కువ. కంప్యూటర్ ఆగితే బల్ల మీద కొట్టేదాన్ని. ఒకరోజు సారు అటుగా పోతూ చూసి, "కొడితే అయ్యేదుంటే నేనెప్పుడో కొట్టకపోదునా?" అని నన్ను మెట్ల కింద ఉన్న సర్వరు గదిలోకి తీసుకెళ్లారు. గది ఎంత చిన్నదంటే ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి గడపలోనే నిలబడాలి. అక్కడే నాకు ఒక కుర్చీ వేశారు. ఎందుకు నన్నే ఎంచుకున్నారని తర్వాత అడిగితే, "కోపం ఉన్నోళ్లకు పని మీద పట్టింపు ఉంటది. మిగిలింది నేర్పొచ్చు," అన్నారు.

నేర్పడానికి ఆయనకు మంచి అవకాశం నేనే ఇచ్చాను. ఆ గదిలో చేరిన మూడో నెలలో అమ్రాబాద్ సర్వరుకు అడ్రసు మార్చాల్సి వచ్చింది. సారు భోజనానికి వెళ్లారు. ఇంత చిన్న పనికి ఆయనెందుకు అనుకుని, మహబూబ్‌నగర్‌లోనే కూర్చుని నెట్‌వర్క్ మీదుగా అమ్రాబాద్ పెట్టెలోకి వెళ్లి, నేను ఏ కార్డు గుండా వచ్చానో ఆ కార్డు అడ్రసే మార్చేశాను. మారుస్తూ దారి నంబరు తప్పు కొట్టాను. తెర ఆగిపోయింది. అవతల పెట్టె బతికే ఉంది, కానీ నేను దాన్ని చేరలేను, అది నన్ను చేరలేదు.

సారు వచ్చారు. జొన్నరొట్టె డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. నేను చెప్పింది విని, "పా, పోదాం," అన్నారు. తిట్టడానికి బయటికి పిలుస్తున్నారనుకున్నాను. బస్టాండుకు తీసుకెళ్లారు. అచ్చంపేటలో బస్సు మారి, మన్ననూరు దాటి అమ్రాబాద్‌కు పోయాం. పొరపాటు అరనిమిషంలో అయింది, దాన్ని సరిచేయడానికి ప్రయాణమే ఓ పూట పట్టింది. అలవాటు ప్రకారం ఆయన డ్రైవర్ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా అడిగారు.

"మా అమ్మ మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే ఏం జేస్తదో ఎరికేనా?"

నాకెలా తెలుస్తుంది? మాది కందులు, పత్తి పండించే ఇల్లు.

"పాతది కోసి పారెయ్యదు. పాత పోగుల కొసలు మగ్గంలనే ఉంచుతది. ఒక్కో కొసకు ఒక్కో కొత్త పోగు మెలివెట్టి అతుకుతది. వేల పోగులు. అన్ని అతికినంక మెల్లగ గుంజితే పాతదే కొత్తదాన్ని లోపలికి తీస్కపోతది. పాత కొస చేతిల లేకుంటే కొత్త పడుగు ఏడికెల్లి ఎక్కిస్తవ్ బిడ్డా?"

"నేను కోసి పారేసిన," అన్నాను.

"నువ్వొక్కదానివే గాదు. నేను గూడ ఇన్నేండ్లు కోసుకుంటనే ఉన్న. నా నసీబు మంచిగుండి తప్పు నంబరు పడలే."

అమ్రాబాద్ క్లినిక్కులో సిస్టరక్క మమ్మల్ని చూసి నవ్వింది. "ఒక్క నంబరు కోసం ఇద్దరొచ్చిండ్రా?" అని ఎగతాళి చేసింది. ఆ నంబరు సరిచేయడానికి సారుకు నిమిషం కూడా పట్టలేదు. మరునాడు గదిలో కూర్చోగానే తెల్లకాగితం తీసి పైన ఒక వాక్యం రాశారు: పాత కొస వదలకుండా కొత్త అడ్రసు ఇవ్వాలి.

ఆ వాక్యం నుంచి స్క్రిప్టు పుట్టడానికి ఏడాది పట్టింది. లెక్క సులువే. ముందు కార్డుకు ఇప్పుడున్న అమరికంతా ఆ పెట్టెలోనే ఒక చోట రాసిపెట్టుకోవాలి. తర్వాత ఒక గడియారం మొదలుపెట్టాలి. అప్పుడు కొత్త అడ్రసు ఇవ్వాలి. మహబూబ్‌నగర్ నుంచి మేం ఆ కొత్త అడ్రసుకు చేరి "సరే" అంటే గడియారం ఆగిపోతుంది, కొత్తది ఖాయమవుతుంది. పది నిమిషాల్లో "సరే" వినబడకపోతే, ఎవరినీ అడగకుండా ఆ పెట్టె తన పాత అడ్రసు తానే తొడుక్కుంటుంది. ఎవరూ బస్సెక్కనక్కర్లేదు.

మధ్యమధ్యలో, చదివేవాళ్ల కోసం తెలుగులో మాటలు రాశారు. కంప్యూటర్ వాటిని దాటేసి పోతుంది, మనిషి మాత్రం ఆగుతాడు. "గిక్కడ తొందరపడకు." "కార్డు పేరు నమ్మకు." "గిప్పుడు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకో." చివరిది నా కోసమే రాశారని నాకు అనుమానం.

కార్డు పేరు నమ్మకపోవడం ఆయన పట్టింపు. సర్వరు తన కార్డులకు ఒకటో నంబరు, రెండో నంబరు అని పేర్లు పెడుతుంది. కార్డు కాలిపోయి కొత్తది వేస్తే ఆ పేర్లు తారుమారవుతాయి. కానీ ప్రతి కార్డుకూ తయారైనప్పుడే ఇచ్చిన ఒక సొంత నంబరు ఉంటుంది, అది ఇంకో కార్డుకు ఉండదు. "పదో తరగతి సర్టిఫికెట్ల పేరు రాసినంక మళ్ల పుట్టుమచ్చలెందుకు రాస్తరు? పేరు ఎంతమందికైన ఉంటది," అనేవారు. తొమ్మిది పెట్టెల్లోని కార్డుల పుట్టుమచ్చలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. స్క్రిప్టు ఆ నంబర్లను బట్టే కార్డును గుర్తుపట్టేది.

ప్రతి పెట్టెకూ రెండు కార్డులుండేవి. ఒకటి క్లినిక్కులోని కంప్యూటర్లకు, ఒకటి బయటి లైనుకు. ఏ తీగ ఎటుదో తెలియడానికి సారు వాటికి నూలు పోగు ముడులు వేశారు. రంగు అద్దే ముందు నూలు కట్టలకు ముడులు వేసి గుర్తుపెట్టుకోవడం వాళ్లింటి అలవాటు. బయటి తీగకు ఎర్ర పోగు, లోపలి తీగకు తెల్ల పోగు. స్టిక్కర్లు అంటిస్తే సరిపోదా అన్నాను. "వానకాలం క్లినిక్కు చూసినవా? స్టిక్కరు వారానికి ఊడుతది. ముడి ఊడితే నన్నడుగు," అన్నారు. ఎక్కడికి ఫోన్ చేసినా ముందు ఎర్ర పోగు ఏ సాకెట్లో ఉందని అడిగి, ఆ తర్వాతే దాని పక్కనున్న కార్డు సొంత నంబరు చదివించేవారు.

ఇంతలో నేనొక సంగతి కనిపెట్టాను. సారు స్క్రిప్టు నాతోనే చదివించేవారు. "గట్టిగ చదువు, నాకు వినబడేటట్టు," అనేవారు. నాకు నేర్పడానికని అనుకునేదాన్ని. ఒకరోజు ఫ్లాస్కులో చాయ్ గ్లాసు పక్కన బల్ల మీద పోశారు. పోస్తూనే ఉన్నారు. నేను చేయి పట్టుకున్నాను. ఆయనకు తెర మీది అక్షరాలు కనబడక అప్పటికే చాలా రోజులైంది. షుగర్ కళ్లకు ఎక్కింది.

"ఎవలకు చెప్పకు," అన్నారు. "స్క్రిప్టు అయ్యేదాక చెప్పకు. తర్వాత నేనే చెప్త."

నాకు కోపం వచ్చింది. దవాఖానలో కూర్చుని కళ్లు దాచుకునే మనిషిని ఏమనాలి? కానీ ఆయన భయం నాకు తెలుసు. అప్పటికే హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చి, దవాఖాన కంప్యూటర్ల పనంతా తమకు అప్పగించమని అడుగుతోంది. సారుకు కళ్లు కనబడవని తెలిస్తే మరునాడే ఆ పని వాళ్లకు పోతుంది. సారు ఇంటికి, నేను మళ్లీ చీటీల కౌంటర్‌కు, మెట్ల కింద గదికి తాళం.

స్క్రిప్టుకు పరీక్ష త్వరగానే వచ్చింది. క్లినిక్కులను మా పెద్ద సర్వరుతో కలిపే బయటి లైను మారింది. తొమ్మిది క్లినిక్కుల అడ్రసులూ మార్చాలి. కంపెనీ ఇంజినీరు మా పెద్ద డాక్టరమ్మ ముందు కూర్చుని, "ప్రతి సైట్‌కీ మనిషి వెళ్లాలి మేడమ్. క్లినిక్కుకు ఒక రోజు మూత. నెల రోజుల్లో పూర్తి చేస్తాం," అన్నాడు. డాక్టరమ్మ సారు వైపు చూసింది.

"ఒక్క ఆదివారం పొద్దుగాల చేస్తం డాక్టరమ్మా. ఎవలు ఏడికి పోవుడు లేదు. ఏ క్లినిక్కు బంద్ గాదు," అన్నారు సారు.

"కాకపోతే?"

"కాకపోతే పని గీ పిలగానికే ఇయ్యుండ్రి. నేను మాట్లాడ."

బయటికి రాగానే ఆయన మీద పడ్డాను. తెర కనబడని మనిషి అంత మాట ఎలా ఇస్తారని అరిచాను. "నీకు కనబడుతది గద," అన్నారు.

ఆ ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. నేను కీబోర్డు ముందు, సారు పక్క కుర్చీలో కళ్లు మూసుకుని, గడపలో డాక్టరమ్మ, ఆమె వెనక ఆ ఇంజినీరు. అన్ని ఊళ్ల నర్సులూ సెలవు రోజు అయినా క్లినిక్కు తెరిచి కూర్చున్నారు. నేను ఒక్కో వరస గట్టిగా చదువుతున్నాను. సారు తల ఊపితే తర్వాతది. మొదటి క్లినిక్కు కొత్త అడ్రసుకు మారింది. మేం "సరే" అన్నాం. గడియారం ఆగింది. రెండోది. మూడోది. ఆరోదానికి వచ్చేసరికి డాక్టరమ్మ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. ఎనిమిదోది అయ్యాక నాకు గంతులు వేయాలనిపించింది. మిగిలింది అమ్రాబాద్ ఒక్కటే.

అమ్రాబాద్ స్క్రిప్టు నడిచింది. కొత్త అడ్రసుకు పోయి చూశాను. లేదు. మళ్లీ చూశాను. లేదు. పాత అడ్రసూ లేదు. అచ్చంగా మొదటిసారి లాగే పెట్టె మాయమైంది.

"ఇందుకే సైట్‌లో మనిషి ఉండాలన్నాను," అన్నాడు ఇంజినీరు. వెటకారంగా అనలేదు, అలవాటైన మాటలా అన్నాడు. అది ఇంకా మండింది. నా చేయి కీబోర్డు మీదికి పోయింది.

"చెయ్యి పెట్టకు," అన్నారు సారు, కళ్లు తెరవకుండానే. "పది నిమిషాలు ఆగాలె."

"సారూ..."

"దానికి మనం చెప్పినం గద, పది నిమిషాలని. మనమే ఆగకుంటె ఎట్ల?"

పది నిమిషాలు ఎంతసేపో నాకు ఆ రోజు తెలిసింది. సారు ఫ్లాస్కు నా వైపు జరిపారు. నేనే అందరికీ చాయ్ పోశాను. డాక్టరమ్మ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. అప్పుడు సారు నాకు మాత్రమే వినబడేలా అడిగారు. "అక్కను ఎర్ర పోగు అడిగినవా?"

అడగలేదు. పోయిన వారం అమ్రాబాద్‌లో పిడుగుకు రెండు కార్డులూ పోతే ఒక మెకానిక్ కొత్తవి వేసి, పాత అడ్రసులే ఇచ్చి పోయాడు. వాటి నంబర్లు ఫోన్‌లో నేనే రాసుకున్నాను. సిస్టరక్క చేతిలో చంటిపిల్లకు సూది వేసే పని ఉండి తొందరపడుతోంది. నేను అంతకన్నా తొందరపడ్డాను. పై సాకెట్టు నంబరు చెప్పక్కా, కింది సాకెట్టు నంబరు చెప్పక్కా అని రాసేసుకున్నాను. మిగతా ఎనిమిది చోట్లా పైదే బయటి లైను. ఇక్కడా అంతే అనుకున్నాను. అబద్ధం చెప్పడానికి లేదు. "లేదు సారూ, పైది బయటిదనే రాసిన," అన్నాను.

ఆయన ముఖం మారలేదు. ఇంకో గుక్క చాయ్ తాగారు. డాక్టరమ్మకు చెప్పలేదు, ఇంజినీరు వైపు తిరగలేదు. "ఎన్ని నిమిషాలాయె?" అన్నారు. ఏడు అన్నాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా తొందరకు ఆయన కుర్చీ పోతుందన్న భయం ఒకటి, నెలల తరబడి కనబడని కళ్లతో ఆయన కట్టినదాన్ని నేను ఒక్క ప్రశ్న మరిచి పాడుచేశానన్న సిగ్గు ఒకటి. ఎనిమిది. తొమ్మిది. ఇంజినీరు కారు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

పది నిమిషాలు దాటి కొన్ని క్షణాలకు తెర మీద అమ్రాబాద్ వచ్చింది. పాత అడ్రసుతో, ఏమీ జరగనట్టు, తానే వచ్చింది. ఆ అడవి అంచున, ఎవరూ ముట్టుకోకుండా, ఆ పెట్టె తన పాత కొస తానే పట్టుకుంది. "వచ్చింది సారూ!" అని అరిచాను. గడపలో ఉన్న ఇద్దరూ లోపలికి తోసుకొచ్చారు. లోపల జాగా లేదు.

"వస్తది," అన్నారు సారు. "ఇగ అక్కకు ఫోన్ చెయ్."

సిస్టరక్కకు సిగ్నల్ వరండా మెట్ల మీదే దొరుకుతుంది. అడిగినదానికల్లా లోపలికి పరిగెత్తి చూసి మళ్లీ మెట్ల మీదికి రావాలి. "ఎర్ర పోగు ఏ సాకెట్ల ఉన్నదక్కా?" అన్నాను. పోయింది, వచ్చింది. "కింది దాంట్ల ఉన్నది."

"కిందికెట్ల వచ్చింది?"

"పైన కప్పు కురుస్తాంది గద. పెట్టె మీద నీళ్లు పడుతున్నయని బోర్లించి పెట్టినం. మీదిది కిందికచ్చింది, కిందిది మీదికి పోయింది. మంచిగనే నడుస్తాంది గదా అని చెప్పలే."

గదిలో మొదట నవ్వింది డాక్టరమ్మ. ఆ తర్వాత నేను. ఏడుస్తూ నవ్వాను. రెండు నంబర్లు తారుమారు చేసి మళ్లీ నడిపించాను. ఈసారి నిమిషం పట్టలేదు. కొత్త అడ్రసు మీద అమ్రాబాద్ పలికింది. "సరే" అన్న మాట నేను కొట్టలేదు. సారు చేయి పట్టుకుని ఆ మీట మీద పెట్టాను. ఆయనే నొక్కారు. తొమ్మిది కాకముందే తొమ్మిది క్లినిక్కులూ మారిపోయాయి. ఎవరూ ఊరు దాటలేదు, ఏ తలుపూ మూతపడలేదు.

అప్పుడు సారు లేచి నిలబడ్డారు. "డాక్టరమ్మా, ఒక మాట దాచిన. నాకు తెర కనబడుతలేదు. ఇదంత చేసింది గీ బిడ్డ కండ్లతోని. ముందుగాల చెప్తే పని నిలవడదని చెప్పలే. ఇప్పుడు మీ ఇష్టం," అన్నారు.

నేను గొడవకు సిద్ధమయ్యాను. ఆమె ముందు బాగా తిట్టింది. షుగర్ ఉన్న మనిషి దవాఖానలో కూర్చుని కళ్లు చూపించుకోనందుకు తిట్టింది, నన్నూ కలిపి తిట్టింది. తర్వాత, "రేపు పొద్దున కళ్ల డాక్టర్ దగ్గర కూర్చోవాలె. ఎల్లుండి గీ కుర్చీల కూర్చోవాలె. రెండిట్ల ఏది తప్పినా ఊకోను," అన్నది. ఇంజినీరు కారు తాళం జేబులో పెట్టుకున్నాడు. ఆ స్క్రిప్టు ఒక కాపీ ఇస్తారా సార్ అని అడిగాడు. సారు సంతోషంగా తల ఊపారు. "తీస్కపో నాయినా. తెలుగు మాత్రం తీసెయ్యకు."

పోయిన చూపు తిరిగి రాలేదు, ఉన్నది నిలబడింది. ఆ తర్వాత ఇంకా నాలుగేళ్లు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. నేను చదివేదాన్ని, ఆయన వినేవారు. నేను ఒక వరస మింగేస్తే పట్టుకునేవారు. ఊపిరి తీసుకోవడానికి ఆగినా, "ఏమాయె?" అనేవారు. తొమ్మిది ఊళ్ల నర్సులనూ ఒక్కొక్కరిగా పిలిపించి, స్క్రిప్టు వాళ్ల చేతనే నడిపించారు, పెద్ద సర్వరు అందిందో చూసి "సరే" అక్కడి నుంచే కొట్టడం నేర్పారు. నాకు ఆ పని నచ్చలేదు. మనం ఉండగా వాళ్లకెందుకు అన్నాను. "మనం ఉండంగనే నేర్పాలె బిడ్డా, లేనప్పుడు ఎట్ల నేర్పుతం?" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

సారు పోయిన ఆ మంగళవారం మా గదికి మొదటిసారి తాళం వేశాం. నేను, నా కింద పనిచేసే ఇద్దరు, డాక్టరమ్మ, అందరం దవాఖాన జీపులో రామన్నపేటకు పోయాం. ఆ రోజు వాళ్ల వాడలో మగ్గం చప్పుడు లేదు. సారును వరండాలో పడుకోబెట్టారు. ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ వింటున్న చూపే ఉంది. వాళ్ల ఇంటామె నా చేయి పట్టుకుని, "రోజు నీ ఫోన్ అయినంకనే చాయ్ తాగేది. ఇయ్యాల ఎందుకో చాయ్ ముందుగాల అడిగిండు," అన్నది. ఆమె పక్కన కూర్చున్నాను. ఇరవై ఏళ్లలో ఆయన పేరు ఏ కాగితం మీదా గొప్పగా రాయలేదు. అయినా తొమ్మిది ఊళ్ల నుంచి మనుషులు వచ్చి ఆ వాడ నిండిపోయింది. నాకు దుఃఖంతో పాటు గర్వంగా ఉంది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడటం లేదు.

అమ్రాబాద్ సిస్టరక్క రాలేదు. తిరుగు ప్రయాణంలో దేవరకొండ దాటాక నేనే ఫోన్ చేశాను. నా బుద్ధి మారలేదు, కొంచెం కోపంగానే అడిగాను. ఎందుకు రాలేదక్కా అన్నాను.

"ఎట్ల రావాలె చెల్లె? పొద్దుగాల మళ్ల పిడుగు పడ్డది, బయటి కార్డు పోయింది. బయట నలభై మంది కూసున్నరు," అన్నది.

జీపులో నా పక్కనున్నవాళ్లు నా ముఖం చూసి లేచి కూర్చున్నారు. "మరి ఎవరికి చెప్పినవ్? గదికి తాళం వేసి వచ్చినం కదా!"

"ఎవలకు చెప్పాలె? మీరంత సారు కాడ ఉంటిరి. డబ్బాల ఉన్న కొత్త కార్డు పెట్టిన, నంబరు రాసిన, స్క్రిప్టు నడిపిన, పెద్ద సర్వరు పలికినంక సరే గూడ నేనే కొట్టిన. గిప్పుడే అయిపోయింది." ఆమె గొంతులో ఏ గొప్పా లేదు. "మొదటి చీటీ అడవిల చెంచు గూడెం నుంచి అచ్చిన ఒక ముసలాయనకు కొట్టిచ్చిన. ఆయనకు చదువు రాదు. అయినా రెండు దిక్కుల తిప్పి చూసుకున్నడు. మందులు తీస్కొని, గా చీటీ మడిచి తలకు చుట్టిన రుమాల్ల పెట్టుకొని, అడవి బాటల వడి పోయిండు. మెట్ల మీద నిలవడి సిగ్నల్ కోసం చూస్తుంటె ఇంకా కనబడుతున్నడు చెల్లె, గా తెల్ల రుమాలు చెట్ల నడుమ పోతాంది."